వేరు వేరు నేపథ్యాల పిల్లల్ని కలిపి నడిపే ఆన్‌లైన్ గ్రూప్ క్లాసు: చేర్పించొచ్చా?

ముందే చెప్పేస్తాను. క్లాసు బాగుంది, టీచర్లు బాగున్నారు, పిల్లల్ని కలిపే పద్ధతి ఇంకా బాగుంది, కానీ నెల తిరిగేసరికి ఆ పద్ధతిని నడిపేవాళ్ళే పాడు చేస్తున్నారు. అందుకే 5కి 3.5 ఇస్తున్నాను. సంస్థ పేరు రాయట్లేదు, ఎందుకంటే ఇలాంటి క్లాసులు ఇప్పుడు చాలానే ఉన్నాయి, మీరు దేంట్లో చేర్పించినా చూసుకోవాల్సిన విషయాలు ఇవే.

హైస్కూలు పిల్లలకి సాయంత్రం పూట వీడియో కాల్‌లో జరిగే క్లాసులివి. సైన్సు, సోషల్, లెక్కలు ఉంటాయి. మామూలు ట్యూషన్‌కీ దీనికీ తేడా ఏంటంటే గ్రూపులు వేసే తీరు. ఒక్కో గ్రూపులో ఐదారుగురు ఉంటారు, ఆ ఐదారుగురూ ఒకే బడి పిల్లలో ఒకే రకం ఇళ్ళ పిల్లలో కాకుండా చూస్తారు. డబ్బుకి ఇబ్బంది లేని ఇంటి పిల్ల, ఉచిత సీటు మీద వచ్చిన పిల్లాడు, క్లాసులో చెప్పే భాష ఇంట్లో ఎవరూ మాట్లాడని పిల్ల, వినికిడి యంత్రం పెట్టుకునే అబ్బాయి, వేరే మతం పిల్లలు, అందరూ ఒకే స్క్రీన్ మీద కనిపిస్తారు. మా పాపకి తన క్లాసులో ఉన్న స్నేహితులందరూ దాదాపు మాలాంటి ఇళ్ళ నుంచే వస్తారు, కాబట్టి ఇలాంటి గ్రూపులో కూర్చోవడం దానికి నిజంగానే కొత్త.

ఇప్పుడు అసలు విషయం, పాఠం ఎలా చెబుతారో చెప్తాను. ఉదాహరణకి రక్తప్రసరణ పాఠం తీసుకుంటే, గుండె గదులు ఒకరికి, రక్తనాళాలు ఒకరికి, రక్తకణాలు ఒకరికి, ఊపిరితిత్తుల్లో జరిగే పని ఒకరికి, రక్తపోటు సంగతి ఒకరికి ఇస్తారు. ఒకే భాగం వచ్చిన పిల్లలు అన్ని గ్రూపుల నుంచీ ఒకచోట కలిసి దాన్ని నేర్చుకుంటారు, అక్కడ టీచరు ఉంటారు, అనుమానాలు తీరుస్తారు. తర్వాత ఎవరి గ్రూపుకి వాళ్ళు వెనక్కి వచ్చి మిగతా వాళ్ళకి చెప్పాలి. చివర్లో పరీక్ష మాత్రం మొత్తం పాఠం మీద, ఎవరికి వాళ్ళే రాయాలి. అంటే రక్తకణాల గురించి ఆ ఉచిత సీటు అబ్బాయి చెప్పేది సరిగ్గా వినకపోతే మా పాపకి ఆ ప్రశ్నలు పోయినట్టే.

ఇది వీళ్ళు కనిపెట్టింది కాదు. 1971లో అమెరికాలోని ఆస్టిన్ నగరంలో ఎలియట్ ఆరన్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన విద్యార్థులు కలిసి మొదలుపెట్టిన పద్ధతి, జిగ్‌సా క్లాస్‌రూమ్ అంటారు. అప్పుడే అక్కడి బడుల్లో తెల్ల, నల్ల, మెక్సికన్ మూలాలున్న పిల్లల్ని మొదటిసారి ఒకే గదిలో కూర్చోబెట్టారు, కలిసిపోతారనుకుంటే గొడవలు పెరిగాయి. ఆరన్సన్ క్లాసుల్లో కూర్చుని చూస్తే ఆయనకి కనిపించింది పోటీ. టీచరు ప్రశ్న అడగడం, ఐదారు చేతులు పైకి లేవడం, ఒకరికి అవకాశం వస్తే మిగతా వాళ్ళ మొహాలు మాడిపోవడం, చెయ్యి ఎత్తని పిల్లల్ని మొద్దులని తేల్చేయడం. అలాంటి గదిలో పక్కన కూర్చున్నవాడు మనకి అడ్డే తప్ప స్నేహితుడు ఎందుకవుతాడు? అందుకే ఆయన పాఠాన్నే ముక్కలు చేశాడు, ప్రతి ముక్కా ఒక్కరి దగ్గరే ఉండేలా. జిగ్‌సా గ్రూపుల్లో చదివిన పిల్లల్లో ఒకరంటే ఒకరికి ఉన్న చులకన తగ్గింది, బడి మీద ఇష్టం పెరిగింది, వెనకబడిన వర్గాల పిల్లల మార్కులూ మెరుగయ్యాయి. ఈ సర్వీసు వాళ్ళు ఆ పద్ధతిని ఆన్‌లైన్‌లోకి తెచ్చిన తీరుకి నేను పూర్తి మార్కులు ఇస్తాను, ఎందుకంటే బ్రేకౌట్ రూమ్‌లలో, అంటే అదే వీడియో కాల్‌లో ఒక్కో గ్రూపు విడిగా మాట్లాడుకునే గదుల్లో, టీచరు ఎప్పుడు లోపలికి రావాలో ఎప్పుడు తప్పుకోవాలో వాళ్ళకి బాగా తెలుసు.

మరి పిల్లలు దీన్ని ఎలా తీసుకుంటున్నారు? పెద్దవాళ్ళం మనం రెండు రకాలుగా ఊహించుకుంటాం. ఒకటి, పిల్లలకి తేడాలు తెలియవు, ఇట్టే కలిసిపోతారు అని. రెండు, అస్సలు కలవరు, ఎవరి గుంపు వాళ్ళదే అని. నేను పక్క గదిలో ఉండి విన్నంత వరకు రెండూ నిజం కాదు. పదమూడు పద్నాలుగేళ్ళ పిల్లలకి తేడాలు బ్రహ్మాండంగా తెలుసు, ఫోను మోడల్ చూసి, వెనక గోడ చూసి, ఉచ్చారణ విని నిమిషంలో లెక్క కట్టేస్తారు. మొదట్లో వాళ్ళలో నాకు కనిపించింది భయం. తప్పు మాట అంటానేమో, అవతలివాళ్ళు నొచ్చుకుంటారేమో, నా యాస విని నవ్వుతారేమో అని. అందుకే అతి మర్యాద. "నువ్వు చెప్పు", "లేదు, నువ్వే చెప్పు" అంటూనే సగం టైమ్ పోయేది. పని మొదలయ్యాక, పరీక్ష దగ్గర పడ్డాక, ఆ మర్యాద పోయి నిజమైన మాటలు వచ్చాయి: "నువ్వు చెప్పేది అర్థం కావట్లేదు, మళ్ళీ చెప్పు", "అంత స్పీడ్‌గా చదివితే ఎవరు రాసుకుంటారు?" ఇలా ఒకరినొకరు కసురుకునే చనువు రావడమే నాకు అన్నిటికన్నా ఎక్కువ సంతోషం కలిగించింది.

వాళ్ళు ఒకరినొకరు అడిగే ప్రశ్నలు కూడా మనం అడగలేనివి. "నీ దగ్గర ఫోను రాత్రే ఎందుకుంటుంది?" అని ఒక పిల్ల సూటిగా అడిగింది, "నాన్న పని నుంచి వచ్చాకే కదా ఇంట్లో ఫోను ఉండేది" అని అవతలి అబ్బాయి అంతే సూటిగా చెప్పాడు. దానిమీద జాలిపడటాలు ఏమీ లేవు, ఆ వారం నుంచి నోట్స్ ఫొటోలు పగలు పంపడం మానేసి ఆ అబ్బాయి ఆన్‌లైన్‌లోకి వచ్చాక అందరూ కలిసి చూసుకోవడం మొదలుపెట్టారు. ఎవరూ చెప్పలేదు వాళ్ళకి.

జాలి గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే ఇలాంటి క్లాసుల ప్రకటనలన్నీ దానిమీదే నడుస్తాయి. "మీ పిల్లలు ఇతరులకు సాయం చేయడం నేర్చుకుంటారు" అని. ఉచిత సీటు మీద వచ్చిన పిల్లలకి ఈ మాట ఎలా వినిపిస్తుందో ఎవరైనా ఆలోచించారా? ఒక సెషన్ చివర టీచరు అందరినీ క్లాసు ఎలా ఉందో చెప్పమంటే, ఒక అమ్మాయి, లెక్కల్లో గ్రూపు మొత్తాన్నీ లాక్కెళ్ళే పిల్ల, "నాకు సాయం చేస్తున్నాం అనుకోకుండా నాతో కలిసి చదువుకుంటే బాగుంటుంది" అంది. ఆ మాటకి సెషన్ అంతా సర్దుకుంది, ఆ టీచరు కూడా దాన్ని కప్పిపుచ్చకుండా దానిమీదే మాట్లాడించారు, అందుకు ఆవిడంటే నాకు గౌరవం. పిల్లలకి కలిసి చదవడం ఇష్టమే, ఒకరు ఇచ్చేవాళ్ళు ఒకరు పుచ్చుకునేవాళ్ళు అన్నట్టు ఉంటే మాత్రం ఎవరికీ నచ్చదు.

తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో మాత్రం ఎప్పుడూ ఒకటే టెన్షన్: మా పిల్లల మార్కులు తగ్గవు కదా? దీనికి ఊహలు అక్కర్లేదు. ఢిల్లీలో ప్రైవేటు బడులు పేద పిల్లలకి కొన్ని సీట్లు ఇచ్చి తీరాలన్న నిబంధన వచ్చాక ఏం జరిగిందో గౌతమ్ రావు అనే ఆర్థికవేత్త అధ్యయనం చేశాడు, 2019లో అచ్చయింది. పేద పిల్లలతో కలిసి చదివిన డబ్బున్న పిల్లల్లో ఉదారత పెరిగింది, వివక్ష తగ్గింది, పేద పిల్లలతో ఆడుకోవడానికి, కలవడానికి ముందుకొచ్చారు. మార్కుల మీద ప్రభావం మొత్తం మీద స్వల్పమే, ఇంగ్లీషులో మాత్రం కాస్త తగ్గుదల కనిపించింది, అదీ దాచక్కర్లేదు. నాకు అన్నిటికన్నా ఆసక్తిగా అనిపించింది ఇంకొకటి: కొన్ని బడుల్లో పిల్లల పేర్ల అక్షర క్రమాన్ని బట్టి స్టడీ గ్రూపులు వేసేవారు, అంటే ఎవరి పక్కన ఎవరు పడతారనేది పేరులోని మొదటి అక్షరం మీద ఆధారపడేది. దాన్ని పట్టుకుని చూస్తే తేలింది ఏంటంటే, మార్పులో పెద్ద భాగం పేద పిల్లలతో నేరుగా కలిసి పనిచేయడం వల్ల వచ్చింది, అంతా ఒకే తరగతిలో ఉన్నంత మాత్రాన వచ్చింది కాదు. ఈ సర్వీసులో గ్రూపు పనికి ఎందుకంత విలువ ఇస్తానో ఇప్పుడు అర్థమయ్యే ఉంటుంది.

ఇక లోపాలు. ఇవి చిన్నవి కావు.

నెలాఖరున మార్కుల బోర్డు పెడతారు. అక్కడితో ఆగితే సర్దుకుపోవచ్చు, కానీ ఆ మార్కుల్ని బట్టి గ్రూపులు మారుస్తారు, ఎక్కువ వచ్చిన వాళ్ళు ఒక వైపు, తక్కువ వచ్చిన వాళ్ళు ఇంకో వైపు. ఫలితం ఏంటో ఎవరైనా చెప్పగలరు. ఇంట్లో తనకంటూ గది, మంచి నెట్, చదువుకున్న అమ్మానాన్న ఉన్న పిల్లలు మళ్ళీ ఒకచోట చేరారు. నెలంతా కష్టపడి కలిపిన గ్రూపు అది! మా పాప రెండు రోజులు సరిగ్గా మాట్లాడలేదు, "మా గ్రూపు బాగుంది కదమ్మా, ఎందుకు విడదీశారు, వాడు చెబితేనే నాకు రసాయన సమీకరణాలు అర్థమయ్యాయి" అంది. పిల్లలే కలిసి టీచరుకి మెసేజ్ పెట్టారు, పాత గ్రూపులు ఉంచమని. మేమూ పెట్టాం. కస్టమర్ కేర్ నుంచి వచ్చిన జవాబు: "వ్యక్తిగత స్థాయికి తగిన బోధన కోసం." స్థాయిని బట్టి అదనపు సాధన ఇవ్వండి, ఎవరు వద్దన్నారు, దానికి గ్రూపు పగలగొట్టాలా?

రెండోది ప్రొఫైల్ బ్యాడ్జ్. ఉచిత సీటు పిల్లల పేరు పక్కన రంగు వేరే ఉంటుంది, అదేంటో పిల్లలు మొదటి వారంలోనే కనిపెట్టేశారు. మూడోది, కెమెరా తప్పనిసరిగా ఆన్‌లో ఉండాలనే నియమం. ఒకే గదిలో ఇల్లంతా ఉండే పిల్లకి కెమెరా పెట్టమనడం అంటే ఆ ఇంటిని అందరికీ చూపించమనడమే. ఫిర్యాదు చేశాక కెమెరా విషయంలో మాత్రం మారారు, ఇప్పుడు ఇష్టమైతేనే పెట్టొచ్చు. బ్యాడ్జ్ ఇంకా ఉంది.

గోర్డన్ ఆల్‌పోర్ట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1954లోనే చెప్పాడు, వేరు వేరు వర్గాలవాళ్ళు కలిస్తే చులకన తగ్గాలంటే నాలుగు ఉండాలని: అక్కడ అందరి హోదా సమానంగా ఉండాలి, గురి ఒకటే కావాలి, పోటీ పడకుండా కలిసి పనిచేయాలి, పైనున్నవాళ్ళ మద్దతు ఉండాలి. తర్వాత పెటిగ్రూ, ట్రాప్ అనే ఇద్దరు 515 అధ్యయనాల్ని కలిపి చూసి 2006లో రాసిందాంట్లో, ఈ నాలుగూ పూర్తిగా లేకపోయినా కలవడం వల్ల మేలే ఎక్కువని, ఉంటే ఆ మేలు ఇంకా పెరుగుతుందని తేలింది. కాబట్టి ఈ క్లాసు వల్ల నష్టం అనను. కానీ గురి, కలిసి పనిచేయడం, టీచర్ల మద్దతు, ఈ మూడూ చక్కగా అమర్చుకుని, మొదటిదైన సమాన హోదాని ఒక రంగు బ్యాడ్జ్‌తో, ఒక మార్కుల బోర్డుతో పోగొట్టుకోవడం చూస్తే నిజంగా బాధగా ఉంది. ఇది డబ్బు ఖర్చయ్యే మార్పు కూడా కాదు, సెట్టింగ్స్‌లో తీసేస్తే అయిపోతుంది.

యాప్ సంగతి త్వరగా: నెట్ తక్కువున్నా ఆడియో ఆగదు, క్యాప్షన్లు ఉన్నాయి, వినికిడి యంత్రం ఉన్న అబ్బాయి వాటి మీదే ఆధారపడతాడు, కాకపోతే ఇద్దరు ఒకేసారి మాట్లాడితే అవి కలగాపులగం అవుతాయి. పిల్లలు అందుకని చెయ్యి ఎత్తి ఒకరి తర్వాత ఒకరు మాట్లాడటం అలవాటు చేసుకున్నారు.

చేర్పించొచ్చా అంటే, అవును, కానీ కొన్ని అడిగి చేర్పించండి. గ్రూపు కనీసం ఒక టర్మ్ అయినా మారకుండా ఉంటుందా? ఎవరు ఫీజు కట్టారో ఎవరు కట్టలేదో పిల్లలకి తెలిసే ఏర్పాటు ఏదైనా ఉందా? పాఠంలో ప్రతి పిల్లకీ ఇంకెవరి దగ్గరా లేని భాగం వస్తుందా, లేక బాగా మాట్లాడే ఒకరు చెప్పి మిగతావాళ్ళు తలూపుతారా? పిల్లలకి తమలాంటి వాళ్ళతో మాట్లాడుకునే చోటు కూడా ఉందా? ఈ చివరిది చాలామంది వదిలేస్తారు. ఒకే భాష మాట్లాడే ఇద్దరు పిల్లలు క్లాసయ్యాక తమ భాషలో కబుర్లు చెప్పుకుంటే కలవట్లేదని కంగారు పడక్కర్లేదు, రోజంతా వేరే భాషలో నెగ్గుకొచ్చిన పిల్లలకి ఆ కాసేపు కావాలి.

మీ పిల్లలు మరీ బిడియస్థులైతే మొదటి కొన్ని వారాలు ఓపిక పట్టండి, పక్కన కూర్చుని జవాబులు మాత్రం అందించకండి, అవతలి పిల్లలకి అది తెలిసిపోతుంది.

మా మటుకు ఈ టర్మ్ పూర్తి చేస్తాం. వచ్చే టర్మ్‌కి గ్రూపులు మార్కుల్ని బట్టి విడదీయబోమని వాళ్ళు రాతపూర్వకంగా చెబితేనే కొనసాగిస్తాం. పాప అయితే ఇంకో మాట కూడా అడగమంది, పాత గ్రూపు పిల్లలందరూ మళ్ళీ ఒకే చోట చేరేలా సీట్లు ఇస్తారా అని. ఆ మెయిల్ పంపాను, జవాబు వస్తే ఇక్కడే రాస్తాను, రేటింగ్ కూడా దాన్ని బట్టి మారుస్తాను.