పన్నెండు బోరు జంట గొట్టాల తుపాకీ: చాలా ఏళ్లు వాడి, ఇప్పుడు అమ్ముతున్నవాడి మాట

ముందే చెప్పేస్తాను, ఈ తుపాకీని అమ్మాలని నిశ్చయించుకున్నాను. వస్తువు బాగోలేక కాదు. ఇంత నేర్పుగా చేసిన వస్తువు మా ఇంట్లో ఇంకొకటి లేదు. జగిత్యాల దగ్గరి పల్లెలో మొక్కజొన్న, పసుపు పండించే కుటుంబం మాది. 1960లలో మా నాన్న దీన్ని హైదరాబాదులో ఒక విశ్రాంత అధికారి దగ్గర కొన్నారు. ఆయన తరువాత లైసెన్సు నా పేరు మీదికి వచ్చింది. ఇప్పుడు మా అబ్బాయి పేరు మీదికి మార్చాలా, అమ్మేయాలా అన్నది తేలాల్సి వచ్చింది. ఇలాంటిదే ఒకటి బీరువాలో పెట్టుకొని ఏటా దసరాకు బొట్టు పెట్టి మళ్లీ లోపల పెట్టేవాళ్లు నాకు తెలిసినవారిలోనే ఉన్నారు. వాళ్లకు పనికివస్తుందని రాస్తున్నాను.

ముందు వస్తువు సంగతి. పక్కపక్కనే రెండు గొట్టాలు, ఒక్కొక్కటి 28 అంగుళాలు. రెండు ట్రిగ్గర్లు. బరువు మూడు కిలోలకు కాస్త అటూ ఇటూ. బయటికి సుత్తులు కనిపించవు. ఆన్సన్, డీలీ అనే ఇద్దరు 1875లో పేటెంటు తీసుకున్న పద్ధతిలో యంత్రమంతా లోపలే ఉంటుంది. తుపాకీని మధ్యకు విరిచినప్పుడు లోపలి స్ప్రింగులు వాటంతట అవే ఎక్కుతాయి, సేఫ్టీ మీట కూడా దానంతట అదే వెనక్కి వచ్చి తాళం పడుతుంది. గొట్టాలు, ముందు చెక్క, మడమ (భుజానికి ఆనించే వెనక చెక్క) అని మూడు ముక్కలుగా విడిపోతుంది. పనిముట్లు అక్కర్లేదు, అర నిమిషం పని. ఇన్నేళ్ల తరువాత కూడా గొట్టాలు మూసినప్పుడు ఎక్కడా వదులు లేదు. రెంటినీ పట్టుకొని ఊపి చూడండి, చిన్న కదలిక కూడా ఉండదు. పాత తుపాకీ కొనేవాళ్లు మొదట చూడవలసింది ఇదే.

గొట్టాల అడుగున బర్మింగ్‌హామ్ ప్రూఫ్ హౌస్ ముద్రలున్నాయి. 1813లో పార్లమెంటు చట్టంతో ఏర్పడిన ఆ సంస్థ ప్రతి గొట్టాన్నీ మామూలు కన్నా ఎక్కువ తుపాకీ మందుతో పేల్చి, తట్టుకుంటేనే ముద్ర వేస్తుంది. పొగలేని మందుకు పరీక్ష జరిగిన గొట్టం ఏదో, కేవలం పాత రకం నల్లటి తుపాకీ మందుకే జరిగినది ఏదో ఆ గుర్తులను బట్టి తెలుస్తుంది. తాతల నాటి తుపాకీలో ఈ కాలపు తూటా వేసే ముందు వాటిని చదవగలిగిన మనిషికి చూపించండి. ముఖ్యంగా గొట్టం మీద అలల్లాంటి చారలు కనిపిస్తే, అది ఇనుమూ ఉక్కూ పేని చేసిన పాత రకం. గోడకు అందంగా ఉంటుంది, పేల్చడానికి మాత్రం వద్దు.

పేల్చినప్పుడు ఎలా ఉంటుంది? ముందు ట్రిగ్గరు కుడి గొట్టానికి, వెనకది ఎడమ గొట్టానికి. కుడి గొట్టం గుళ్లను వెడల్పుగా చల్లుతుంది, దగ్గరి గురికి అదే వాడాలి. ఎడమ గొట్టం మూతి కొంచెం ఇరుకు, గుళ్లు గుంపుగా దూరం పోతాయి. ఏది కావాలన్నది వేలే నిర్ణయించుకుంటుంది. ఒకే ట్రిగ్గరు ఉన్న ఆధునిక తుపాకుల్లో దీనికోసం ఒక మీట జరపాలి, ఆలోపు గురి సాధనకు గాలిలోకి విసిరే మట్టి పళ్లెం పగలకుండానే నేల మీద పడుతుంది. తూకం సరిగ్గా రెండు చేతుల మధ్య, విరిచే కీలు దగ్గర నిలుస్తుంది. అందుకే భుజానికి ఎత్తినప్పుడు మూడు కిలోలనిపించదు. ఇక మడమ మా నాన్న చేతుల పొడవుకు సరిపోయింది, నాకు ఒక వేలు మందం ఎక్కువ. చలికాలంలో స్వెట్టరు మీద ఎత్తితే చంకలో చిక్కుకుంటుంది. కోయించమని ఎంతమంది చెప్పినా నేను ఆ పని చేయలేదు.

అసలు చిక్కు తూటాలది. ఈ గొట్టంలో తూటా కూర్చునే గది 65 మిల్లీమీటర్లది. నేడు ఎక్కువగా వచ్చేవి 70 మిల్లీమీటర్లవి. పొడుగు తూటా కూడా లోపలికి వెళ్తుంది, మోసం అక్కడే ఉంది. పేలాక దాని మూతి విచ్చుకోవడానికి చోటు చాలక, గొట్టంలో ఒత్తిడి హద్దు మీరుతుంది. ‘పట్టింది కదా, పేల్చెయ్’ అని దుకాణంలో ఎవరైనా అంటే నమ్మకండి. పొట్టి తూటాల కోసం హైదరాబాదు దుకాణాలకు ఫోన్లు చేయడమే ఒక పనైపోయింది. అట్ట తొడుగున్న పాతవైతే ఇంకో తంటా: వానాకాలపు చెమ్మకు ఉబ్బి గదిలోకి దూరవు, దూరితే బయటికి రావు.

నిల్వ గురించి రెండు ముక్కలు. తోలు సంచిలో పెట్టి బీరువాలో నెలల తరబడి వదిలేయకండి. తోలు చెమ్మను పీల్చి గొట్టాన్ని తుప్పు పట్టిస్తుంది. గొట్టం లోపల ఇత్తడి బ్రష్, తరువాత పొడిగుడ్డ, తరువాత పలచగా నూనె, చాలు. చెక్కకు ఏడాదికోసారి అవిసె నూనె రుద్దితే అక్రోటు చెక్క మెరుస్తుంది. విరిచి మూసిన ప్రతిసారీ స్ప్రింగులు ఎక్కి ఉంటాయి కనుక మందు లేని ఉత్తుత్తి తూటాలు వేసి, ట్రిగ్గర్లు నొక్కి వాటిని వదులు చేసి పెట్టాలి. మా అమ్మ దీన్ని పెళ్లికూతురు అనేది, ఇంత సింగారం మరి.

ఇంత సింగారించి ఏం చేశాను? నిజానికి చాలా తక్కువ. మా నాన్న కాలంలో కౌజులు, అడవి కోళ్లు, కుందేళ్లు ఉండేవి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటకు కళ్లెం వేసింది. 1991 సవరణ తరువాత తలుపు పూర్తిగా మూసుకుంది. అది మంచిదేనని నా అభిప్రాయం, మా నాన్న చివరిదాకా ఒప్పుకోలేదు. ఇక అడవి పందులు. మొక్కజొన్న కంకి పాలు పోసుకునే వేళకు గుంపులుగా వచ్చి రాత్రికి రాత్రే మడి దొర్లించి పోతాయి. తుపాకీ ఉన్నవాడికి దిగులేమిటని ఊళ్లో అంటారు. కాని అధికారిక అనుమతి లేకుండా అడవి పందిని కాల్చడం నేరం. బెదిరించడానికి గాలిలో పేలిస్తే మొదటి వారం పారిపోతాయి, తరువాత తల కూడా ఎత్తవు. సౌర విద్యుత్ కంచె నాకు దీనికన్నా ఎక్కువ పని చేసింది. కొందరు కరెంటు తీగలు నేరుగా పరుస్తారు, వాటికి పందుల కన్నా ముందు మనుషులే బలవుతున్నారు.

మిగిలింది గురి సరదా. హైదరాబాదులో కేంద్రీయ విశ్వవిద్యాలయం ఆవరణలో ఉన్న షూటింగు రేంజికి వీలైనప్పుడు వెళ్లేవాణ్ని. అక్కడి పిల్లలంతా ఒకదాని మీద ఒకటిగా గొట్టాలున్న తుపాకులతో, 24 గ్రాముల గుళ్ల తూటాలతో ట్రాప్, స్కీట్ అనే మట్టి పళ్లేల పోటీలకు సాధన చేస్తుంటారు. నా పక్కపక్క గొట్టాలను చూసి వాళ్లు మర్యాదగా నవ్వుకునేవారు. గురి చూసేటప్పుడు కంటి ముందు రెండు గొట్టాల వెడల్పు అడ్డం వస్తుంది, పోటీకి అది పనికిరాదు. సరదాకైతే పళ్లేలు బాగానే పగిలేవి.

ఇది నా దగ్గర ఉన్న కాలంలో ఎక్కువ భాగం నా దగ్గర లేదు. జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను 1978లో కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. ఆ తరువాతి దశాబ్దాల్లో పల్లెలో లైసెన్సు తుపాకీ ఉండడమంటే నక్సలైట్ల దళాన్ని ఇంటికి పిలుచుకోవడమే, ఉన్నవాటిని పట్టుకుపోయేవారు. అందుకే పోలీసులు ముందుగానే ఠాణాలో జమ చేయించుకునేవారు. ఇంటికి కాపలాగా కొన్నదానికి ఠాణా కాపలా కాసింది. ఆ కాలం పోయింది, ఎన్నికలు మిగిలాయి. ఎన్నికలొస్తే మళ్లీ ఠాణాలో జమ చేయమంటారు. 2018 డిసెంబరులో శాసనసభ, 2019 జనవరిలో పంచాయతీ, ఏప్రిల్‌లో లోక్‌సభ, మేలో పరిషత్తులు. ఆ కాలమంతా అది ఠాణా చెక్క అలమరాలోనే ఎక్కువ ఉంది. ఒకసారి తిరిగి వచ్చినప్పుడు గొట్టం మీద ఎర్రటి చుక్కలు. రసీదులో ‘మంచి స్థితిలో’ అని ఉంది కనుక అడిగినా లాభం లేదని ఊరుకున్నాను. మీరు జమ చేసేటప్పుడు నూనె దట్టంగా పూసి ఇవ్వండి, రసీదులో తుపాకీ నంబరు సరిగ్గా పడిందో లేదో చూసుకోండి.

పెళ్లిళ్ల సీజను మరో బాధ. ‘బావా, ఊరేగింపులో రెండు పేల్చు’ అని బంధువులు పోరుతారు. 2019 ఆయుధ చట్ట సవరణ ప్రకారం వేడుకల్లో నిర్లక్ష్యంగా పేల్చి ఇతరుల ప్రాణాలకు ముప్పు తెస్తే రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. ఆ సంగతి చెబితే ‘బావకు భయమెక్కువ’ అంటారు. ఉండనివ్వండి.

అదే సవరణ ఒక మేలు చేసింది: లైసెన్సు గడువు మూడేళ్ల నుంచి అయిదేళ్లకు పెరిగింది. ఒకరి దగ్గర ఉండదగిన తుపాకుల సంఖ్య మూడు నుంచి రెండుకు తగ్గింది. వారసత్వంగా వచ్చినవి కూడా ఆ రెండింట్లోనే లెక్క. 2016 నాటి ఆయుధ నియమాల్లో నాలాంటివాళ్లకు ఒక దారి ఉంది. లైసెన్సుదారుకు 70 ఏళ్లు నిండినా, తుపాకీ 25 ఏళ్లు తన దగ్గర ఉన్నా, బతికుండగానే వారసుడి పేరు మీద లైసెన్సుకు దరఖాస్తు చేయించవచ్చు. రెండో షరతు నాకు ఎప్పుడో తీరింది. కాని తీసుకునేవాడు కావాలి కదా! బెంగళూరులో అద్దె ఫ్లాటులో ఉండే మా అబ్బాయి సూటిగా చెప్పాడు: ‘నాన్నా, దీన్ని ఎక్కడ పెట్టను? ఇల్లు మారిన ప్రతిసారీ చిరునామా మార్పించుకుంటూ తిరగనా?’ డాలస్‌లో ఉన్న మా మేనల్లుడు ‘మామయ్యా, మీరు ఇక్కడ ఉంటే ప్రతి ఆదివారం వాడుకునేవారు’ అంటాడు. అక్కడి ఆదివారాలు ఇక్కడ దొరకవు.

నన్ను తేల్చింది ఆ జవాబే. నేను పోయాక ఇంట్లో లైసెన్సు లేనివాళ్ల చేతిలో తుపాకీ మిగిలితే, దాన్ని వెంటనే ఠాణాలోనో లైసెన్సున్న డీలరు దగ్గరో జమ చేయాలి. దుఃఖంలో ఉన్న ఇల్లాలికి ఆ తిరుగుడు పెట్టడం నాకు ఇష్టం లేదు. జమ చేసి మరిచిపోయిన తుపాకులు ఠాణాల్లో ఎలా ఉంటాయో చూసినవాణ్ని.

ధర దగ్గరికి వస్తే గుండె రాయి చేసుకోండి. 1980ల నుంచి వ్యక్తుల పేరిట విదేశీ ఆయుధాల దిగుమతి కట్టడిలో పడడంతో విదేశీ పిస్తోళ్లు, రివాల్వర్లు లక్షల్లో పలుకుతున్నాయి. ఆ మాట విని పొడుగు తుపాకీ కూడా అంతే అనుకోవద్దు. అడిగేవాళ్లు తక్కువ. డీలరు పాతిక వేలన్నాడు, అది కూడా మొహమాటానికన్నట్టు. చెక్క మీది నగిషీని ఆయన చూడనే లేదు.

నిజామాబాదు నుంచి ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు వచ్చారు. ఆయన లైసెన్సులో పన్నెండు బోరుకు అనుమతి ఉంది. వచ్చీ రాగానే గొట్టాలు విప్పి వెలుతురుకు పెట్టి చూశారు, తరువాత మూసి ఊపి చూశారు, ఆపైన 65 మిల్లీమీటర్ల సంగతి తానే అడిగారు. డీలరు చెప్పినదాని కన్నా కొంచెం ఎక్కువకే ఒప్పందం కుదిరింది. లైసెన్సున్న మనిషికి అమ్మినా, ఎవరికి అమ్ముతున్నామో పేరు, చిరునామాతో జిల్లా మేజిస్ట్రేటుకో దగ్గరి ఠాణాకో రాసి ఇచ్చి కనీసం 45 రోజులు ఆగాలి. నేను రెండు చోట్లా ఇచ్చి ముద్ర వేయించుకున్నాను. బ్రష్‌లు, ఉత్తుత్తి తూటాలు, నూనె డబ్బా తుపాకీతో పాటే వెళ్తాయి. తోలు సంచి అడిగారు కాని ఇవ్వనన్నాను, గొట్టం పాడవుతుందని. అట్ట తూటాలు మిగిలినవి కొన్ని ఉన్నాయి, వాటిని ఎవరికీ ఇవ్వకుండా ఠాణాలో అప్పగించి రసీదు తీసుకుంటాను.