అప్‌డేట్ తర్వాత కంప్యూటర్ తెరుచుకోకపోతే ఏది మేలు: అప్‌డేట్ తీసేయడమా, రీసెట్టా, ఫార్మాటా?

అప్‌డేట్ పడ్డాక కంప్యూటర్ స్టార్ట్ కావడం లేదని ఎవరికైనా చెప్పి చూడండి. ఎక్కువమంది నోట వచ్చే మాట ఒకటే: “ఫార్మాట్ కొట్టెయ్, సరిపోతుంది.” నిజమే, ఫార్మాట్‌తో చాలావరకు సమస్య పోతుంది. దాంతోపాటు డెస్క్‌టాప్ మీద పెట్టుకున్న ఫొటోలు, సగం రాసిన ప్రాజెక్టు రిపోర్టు, ఏళ్ల తరబడి నింపుకున్న లెక్కల ఫైళ్లు కూడా పోతాయి. విండోస్‌ను ఎన్నిసార్లయినా మళ్లీ ఎక్కించుకోవచ్చు, ఆ ఫైళ్లను మాత్రం ఎవరూ మళ్లీ తయారుచేసి ఇవ్వలేరు. అందుకే ఇక్కడున్న దారులన్నింటినీ నేను ఒకే ప్రశ్నతో తూస్తాను: ఇది ఫలించకపోతే, కనీసం ఇప్పుడున్న చోటికైనా తిరిగి రాగలమా?

ముందు తేల్చుకోవాల్సినవి

స్క్రీన్ మీద శాతం అంకె నెమ్మదిగానైనా కదులుతుంటే, డిస్క్ లైటు మినుకుమంటుంటే, అది ఆగిపోలేదు, పని చేస్తోంది. పాత హార్డ్ డిస్క్ ఉన్న కంప్యూటర్లలో పెద్ద అప్‌డేట్‌కు గంటలు కూడా పట్టొచ్చు. ఆ సమయంలో పవర్ బటన్ నొక్కి ఆపేస్తే లేని సమస్యను తెచ్చుకున్నట్టే. బయాస్ లేదా ఫర్మ్‌వేర్ (మదర్‌బోర్డులోనే ఉండే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ నడుస్తుంటే అయితే అసలు ముట్టుకోకండి. మధ్యలో కరెంటు పోతే మదర్‌బోర్డే పాడయ్యే ప్రమాదం ఉంది.

కంపెనీ లోగో కూడా రాకుండా స్క్రీన్ నల్లగా ఉండిపోతే, విండోస్ అప్‌డేట్ కంటే ముందు ర్యామ్, కేబుల్, మానిటర్ వైపు చూడాలి. లోగో వచ్చి, చుక్కలు తిరుగుతూ అక్కడే ఉండిపోయినా, బ్లూ స్క్రీన్ వచ్చి రీస్టార్ట్ అవుతూ ఉన్నా, అప్పుడు అప్‌డేట్‌ను అనుమానించవచ్చు. కీబోర్డు, మౌస్ తప్ప తగిలించినవన్నీ పీకేసి ఒకసారి ప్రయత్నించండి. ప్రింటరో పెన్‌డ్రైవో అడ్డుపడుతున్న సందర్భాలు కొన్ని ఉంటాయి.

వరుసగా రెండు మూడుసార్లు బూట్ (కంప్యూటర్ స్టార్ట్ కావడం) విఫలమైతే విండోస్ తనంతట తానే రికవరీ స్క్రీన్ తెరుస్తుంది. అది రాకపోతే, లోగో కనిపించగానే పవర్ బటన్‌ను 10 సెకన్లు పట్టి ఉంచి ఆపేసి, అలా రెండు మూడుసార్లు చేస్తే వస్తుంది. అందులో ట్రబుల్‌షూట్, ఆ లోపల అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి వెళ్తే మనకు కావాల్సినవి చాలావరకు అక్కడే ఉంటాయి.

కొందరికి వీటన్నిటికంటే ముందే బిట్‌లాకర్ (డిస్క్‌కు తాళం వేసే విండోస్ సదుపాయం) స్క్రీన్ వచ్చి 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. 2024 జులై నెల సెక్యూరిటీ అప్‌డేట్ తర్వాత కొన్ని కంప్యూటర్లలో ఇదే జరిగింది. ఇక్కడ చాలామంది టెన్షన్‌తో ‘వైరస్ లాక్ చేసేసింది’ అనుకుని ఫార్మాట్‌కు సిద్ధపడతారు. అలా చేయకండి. డిస్క్‌లోని డేటా భద్రంగానే ఉంది, తాళం చెవి అడుగుతోంది అంతే. ల్యాప్‌టాప్‌ను మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో వాడుతుంటే, ఫోన్ బ్రౌజర్‌లో అదే అకౌంట్‌తో లాగిన్ అయి మీ డివైజ్ వివరాల్లో చూస్తే సాధారణంగా ఆ కీ దొరుకుతుంది. ఆఫీసు ల్యాప్‌టాప్ అయితే ఐటీ వాళ్ల దగ్గర ఉంటుంది.

ఫైళ్లు ముందు, రిపేరు తర్వాత

బ్యాకప్ లేకపోతే రిపేరు మొదలుపెట్టకముందే ఫైళ్లను బయటికి తీసుకోవడం మేలు. స్టార్ట్ కాని కంప్యూటర్ నుంచి కూడా తీయొచ్చన్న సంగతి చాలామందికి తెలియదు. రికవరీ స్క్రీన్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి నోట్‌ప్యాడ్ అని ఇంగ్లిష్‌లో టైప్ చేసి ఎంటర్ కొట్టండి. నోట్‌ప్యాడ్‌లో ఫైల్, ఓపెన్ నొక్కి, కింద ఆల్ ఫైల్స్ ఎంచుకుంటే మీ డ్రైవ్‌లన్నీ కనిపిస్తాయి. ఆ చిన్న కిటికీలోనే ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి కాపీ, ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లోకి వెళ్లి పేస్ట్. ఇక్కడ డ్రైవ్ అక్షరాలు మారి ఉండొచ్చు. సీ డ్రైవ్ ఖాళీగా కనిపిస్తే కంగారు పడకుండా మిగతావి కూడా తెరిచి చూడండి. కాపీ ఎంతవరకు వచ్చిందో చూపించే పట్టీ కనిపించకపోవచ్చు, ఓపిక పట్టాలి.

రెండో దారి, మరో కంప్యూటర్‌లో ఉబుంటు లాంటి లైనక్స్‌ను (విండోస్‌కు బదులు వాడే ఆపరేటింగ్ సిస్టమ్) పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి, ఇన్‌స్టాల్ చేయకుండా ‘ట్రై’ ఎంచుకుని దాంతో బూట్ చేయడం. వందల జీబీల ఫైళ్లు ఉంటే ఇదే హాయి, ఎందుకంటే కాపీ ఎక్కడిదాకా వచ్చిందో కనిపిస్తుంది, ఏ ఫైల్ రాలేదో చెబుతుంది. రెండు దారుల్లోనూ డిస్క్ బిట్‌లాకర్‌తో లాక్ అయి ఉంటే ఆ కీ కావాల్సిందే. డిస్క్ విప్పి వేరే కంప్యూటర్‌కు తగిలించడం మూడోది. స్టోరేజీని బోర్డుకే అతికించిన ల్యాప్‌టాప్‌లలో అది కుదరదు.

రిపేరు దారుల్లో ఏది ముందు?

స్టార్టప్ రిపేర్‌ను ఒకసారి నడిపి చూడండి. బూట్‌కు సంబంధించిన ఫైళ్లు చెడితే అది సరిచేస్తుంది, మీ ఫైళ్ల జోలికి పోదు. ‘రిపేర్ చేయలేకపోయాం’ అంటే మళ్లీ మళ్లీ నడపడంలో అర్థం లేదు.

నా దృష్టిలో అన్నిటికంటే ముందు నిలిచేది అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్. చెడగొట్టింది ఏదో తెలిసినప్పుడు దాన్నొక్కదాన్నే తీసేయడం కంటే తేలికైన పని లేదు. ఇందులో రెండు రకాలుంటాయి. నెలనెలా వచ్చేది క్వాలిటీ అప్‌డేట్, ఏడాదికోసారి వచ్చే పెద్దది ఫీచర్ అప్‌డేట్. పెద్దదాన్ని వెనక్కి తీయడానికి మామూలుగా 10 రోజులే గడువు. ఆ పాత వెర్షన్ అంతా విండోస్ డాట్ ఓల్డ్ అనే ఫోల్డర్‌లో ఉంటుంది. స్థలం కోసం డిస్క్ క్లీనప్‌లో దాన్ని తుడిచేస్తే గడువు ఉన్నా దారి మూసుకుపోతుంది. కాబట్టి పెద్ద అప్‌డేట్ పడిన వారం పది రోజులు ఆ ఫోల్డర్‌ను కదపకండి.

సిస్టమ్ రిస్టోర్ దీనికి పెద్దన్న లాంటిది. అప్‌డేట్‌తో పాటు డ్రైవర్లు (హార్డ్‌వేర్‌ను నడిపే చిన్న సాఫ్ట్‌వేర్లు), విండోస్ సెట్టింగులుండే రిజిస్ట్రీ, ఆ మధ్య వేసిన ప్రోగ్రాములు అన్నీ పాత తేదీకి వెళ్తాయి, మీ డాక్యుమెంట్లు, ఫొటోలు మాత్రం అలాగే ఉంటాయి. తప్పు అప్‌డేట్‌దో డ్రైవర్‌దో తేలనప్పుడు ఇదే మేలు. చిక్కల్లా ఒకటే: రిస్టోర్ పాయింట్, అంటే ముందే దాచిన ఆ పాత స్థితి, ఉండాలి. చాలా కంప్యూటర్లలో దాన్ని దాచే సిస్టమ్ ప్రొటెక్షన్ ఆఫ్‌లోనే ఉంటుంది, ఆ సంగతి అవసరం పడినరోజే తెలుస్తుంది. మీ కంప్యూటర్ ఇప్పుడు బాగానే నడుస్తుంటే, ఇవాళే ఆన్ చేసిపెట్టుకోండి.

సేఫ్ మోడ్‌ను చాలామంది దాటేసి వెళ్తారు, అది నాకు బాధగా ఉంటుంది. స్టార్టప్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి రీస్టార్ట్ అయ్యాక 4 నొక్కితే విండోస్ అతి తక్కువ డ్రైవర్లతో లేస్తుంది. అలా లేచిందంటే విండోస్ పునాది బాగానే ఉందని, ఏదో డ్రైవరో యాంటీవైరసో అడ్డుపడుతోందని అర్థం. అక్కడి నుంచే గ్రాఫిక్స్ డ్రైవర్‌ను వెనక్కి తీయొచ్చు. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్‌కు వచ్చిన ఒక తప్పుడు అప్‌డేట్ వల్ల ప్రపంచమంతటా సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు బ్లూ స్క్రీన్‌తో ఆగిపోయాయి. విమానాశ్రయాలు, బ్యాంకులు, ఆసుపత్రులు ఇబ్బంది పడ్డాయి. అప్పుడు చెప్పిన మందు ఫార్మాట్ కాదు. సేఫ్ మోడ్‌లోకి వెళ్లి ఆ తప్పుడు ఫైల్‌ను తీసేసి రీస్టార్ట్ చేయడమే. డిస్క్ లాక్ అయి ఉన్నచోట మాత్రం ఆ పనికి కూడా ముందు బిట్‌లాకర్ కీ వెతుక్కోవాల్సి వచ్చింది.

ఇవేవీ పని చేయకపోతేనే రీసెట్ దిస్ పీసీ. ‘కీప్ మై ఫైల్స్’ అన్న మాట చూసి నిశ్చింతగా నొక్కేయకండి. యూజర్ ఫోల్డర్‌లోని డాక్యుమెంట్లు, ఫొటోలు మిగులుతాయి కానీ మీరు వేసుకున్న ప్రోగ్రాములన్నీ పోతాయి. అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ లాంటివి తమ సొంత ఫోల్డర్‌లో దాచుకున్న డేటా మిగులుతుందన్న హామీ లేదు. తర్వాత లోకల్ రీఇన్‌స్టాలా, క్లౌడ్ డౌన్‌లోడా అని అడుగుతుంది. అప్‌డేట్ వల్ల సిస్టమ్ ఫైళ్లే చెడ్డాయని అనుమానం ఉంటే క్లౌడ్ డౌన్‌లోడ్ మేలు, 4 జీబీకి పైగా డేటా ఖర్చవుతుంది. లోకల్ అయితే ఉన్న ఫైళ్లతోనే మళ్లీ కడుతుంది, అవే చెడితే మధ్యలో ఆగిపోవచ్చు.

పూర్తి ఫార్మాట్ చేసి కొత్తగా ఎక్కించడం వైరస్ సోకినప్పుడు, డిస్క్ మార్చినప్పుడు సరైన పని. ఒక్క అప్‌డేట్ చెడినందుకు అంతదూరం వెళ్లాల్సిన అవసరం చాలా అరుదు. డిస్కే పాడవుతుంటే ఫార్మాట్ చేసినా నాలుగు రోజులకు మళ్లీ అదే కథ.

లైనక్స్ వాడేవాళ్లకు ఈ విషయంలో సుఖం ఎక్కువ. ఉబుంటులో కొత్త కర్నెల్ (సిస్టమ్‌కు గుండెకాయ లాంటి భాగం) పడ్డాక లేవకపోతే, స్టార్ట్ అయ్యేటప్పుడు వచ్చే గ్రబ్ మెనూలో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి వెళ్లి పాత కర్నెల్‌ను ఎంచుకుంటే చాలాసార్లు నిమిషంలో తెరుచుకుంటుంది. అయితే సిస్టమ్ పాత స్థితిని దాచే టైమ్‌షిఫ్ట్ అనే ప్రోగ్రాంను బ్యాకప్ అనుకోకండి. అది సిస్టమ్‌ను కాపాడుతుంది, హోమ్ ఫోల్డర్‌లోని ఫైళ్లను మీరు ప్రత్యేకంగా చెబితే తప్ప తీసుకోదు.

బ్యాకప్: కాపీనా, ఇమేజా, క్లౌడా?

2018 అక్టోబరులో విండోస్ 10 వెర్షన్ 1809 విడుదలయ్యాక కొందరి డాక్యుమెంట్లు, ఫొటోలు చెరిగిపోయాయి. దాంతో మైక్రోసాఫ్ట్ ఆ అప్‌డేట్‌ను కొన్నాళ్లు ఆపేసింది. అంటే అప్‌డేట్ కంప్యూటర్‌ను ఆపడమే కాదు, ఫైళ్లను మింగిన సందర్భమూ ఉంది. డీ డ్రైవ్‌లో ఇంకో కాపీ ఉందిగా అనుకునేవాళ్లు ఒక్కసారి ఆలోచించండి. సీ, డీ చాలా ల్యాప్‌టాప్‌లలో ఒకే డిస్క్ మీద గీసిన రెండు గదులు. డిస్క్ పోతే రెండూ పోతాయి.

ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి ఫైళ్ల కాపీ చాలా సాదాసీదా పద్ధతి, దాని బలం కూడా అదే. ఏ కంప్యూటర్‌కు తగిలించినా తెరుచుకుంటుంది, ప్రత్యేక సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. విండోస్‌లోని ఫైల్ హిస్టరీ ఈ పనిని మామూలుగా గంటకోసారి తానే చేస్తుంది, పాత వెర్షన్లు కూడా దాస్తుంది. అయితే డిస్క్ ఎప్పుడూ తగిలించి ఉంచితే రాన్సమ్‌వేర్ (ఫైళ్లను లాక్ చేసి డబ్బు అడిగే వైరస్) దాన్నీ లాక్ చేయగలదు. కాబట్టి కాపీ అయ్యాక పీకి పక్కన పెట్టాలి.

సిస్టమ్ ఇమేజ్ అంటే విండోస్, ప్రోగ్రాములు, సెట్టింగులు, ఫైళ్లు మొత్తం డిస్క్‌ను ఉన్నది ఉన్నట్టు దాచడం. పదుల కొద్దీ సాఫ్ట్‌వేర్లు, లైసెన్సులు పెట్టుకుని పని చేసేవాళ్లకు ఇది వరం. కానీ మూడు నెలల నాటి ఇమేజ్‌ను తిరిగి వేస్తే ఆ తర్వాత చేసిన పనంతా చెరిగిపోతుంది. విండోస్‌లో ఉన్న ఇమేజ్ టూల్‌ను ఇక అభివృద్ధి చేయబోమని మైక్రోసాఫ్ట్ 2017లోనే చెప్పింది, కంట్రోల్ ప్యానెల్‌లో ఇంకా కనిపిస్తుంది కానీ దాని మీదే ఆధారపడమని చెప్పలేను.

వన్‌డ్రైవ్, గూగుల్ డ్రైవ్ చేసేది ప్రధానంగా సింక్, అంటే ఇక్కడున్నదాన్ని అక్కడా అలాగే ఉంచడం. ల్యాప్‌టాప్‌లో పొరపాటున చెరిపితే అక్కడా చెరుగుతుంది. వ్యక్తిగత వన్‌డ్రైవ్ రీసైకిల్ బిన్‌లో మామూలుగా 30 రోజులు ఉంటుంది, ఆ తర్వాత దొరకదు. ఉచితంగా ఇచ్చే 5 జీబీ ఫొటోలకు ఏ మూలకూ చాలదు. అయినా దీన్ని తీసిపారేయను. ఇంట్లో దొంగతనమో అగ్నిప్రమాదమో జరిగితే మిగిలే కాపీ ఇదొక్కటే.

ఒక్కటే చేయగలనంటే ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి కాపీని ఎంచుకోండి. రెండు చేయగలిగితే ముఖ్యమైన ఫోల్డర్లను క్లౌడ్‌లోనూ పెట్టండి. ఇమేజ్ మూడోది, అదీ పెద్ద అప్‌డేట్‌కు ముందురోజు తాజాగా తీసినప్పుడే దాని పూర్తి విలువ. ఏది ఎంచుకున్నా, బ్యాకప్ నుంచి నాలుగు ఫైళ్లు వెనక్కి తెచ్చి తెరిచి చూడండి. తెరుచుకోని బ్యాకప్ ఉన్నా లేనట్టే.

వీటికి తోడు 8 జీబీ పెన్‌డ్రైవ్‌లో విండోస్ ఇన్‌స్టాలేషన్ మీడియా ఒకటి చేసి ఉంచండి. 2025 అక్టోబరు 14న వచ్చిన విండోస్ 11 అప్‌డేట్ తర్వాత రికవరీ స్క్రీన్‌లో యూఎస్‌బీ కీబోర్డు, మౌస్ పనిచేయలేదు. దిద్దుబాటు అక్టోబరు 20న వచ్చింది. ఆ మధ్యలో ఎవరి కంప్యూటరైనా ఆగిపోయి ఉంటే, రిపేరు ఆప్షన్లు కళ్లముందు ఉన్నా వాటితో నొక్కే మార్గం లేదు. విడిగా పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేస్తే అందులోని రికవరీ వేరు కాబట్టి ఆ చిక్కు ఉండదు.

కంప్యూటర్ మళ్లీ తెరుచుకున్నాక వెంటనే అదే అప్‌డేట్‌ను పడనివ్వకండి. సెట్టింగ్స్‌లో అప్‌డేట్లను కొన్ని వారాలు పాజ్ చేయండి, ఫైళ్లు కాపీ చేసుకోండి, బిట్‌లాకర్ కీని కాగితం మీద రాసి ల్యాప్‌టాప్ బ్యాగులో కాకుండా వేరే చోట దాచండి. పాజ్‌ను నెలల తరబడి అలాగే వదిలేయొద్దు, ఎందుకంటే సెక్యూరిటీ దిద్దుబాట్లు కూడా వాటిలోనే వస్తాయి. సరిచేసిన అప్‌డేట్ వచ్చిందని తెలియగానే వేసుకోండి.