కాగితాల్లేని జాయినింగ్: విజయవాడ, గుంటూరు సంస్థలు దేనికి డబ్బు పెట్టాలి, దేనికి అక్కర్లేదు

సూర్యారావుపేటలో ఆస్పత్రి అయినా, ఆటోనగర్‌లో వర్క్‌షాపు అయినా, గుంటూరు చుట్టుపక్కల స్పిన్నింగ్ మిల్లు అయినా కొత్త మనిషి చేరే రోజు జరిగే తంతు ఒకటే. ఆధార్ రెండు వైపులా జిరాక్సు, పాన్ జిరాక్సు, పదో తరగతి మెమో, బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ, పాస్‌పోర్టు సైజు ఫోటోలు నాలుగు, పీఎఫ్ డిక్లరేషన్, నామినేషన్, ఈఎస్ఐ వివరాలు, ప్రతి పేజీ కిందా సంతకం పెట్టాల్సిన అపాయింట్‌మెంట్ లెటర్ రెండు ప్రతులు. అన్నీ కలిపితే ఫైలు ముప్పై నలభై పేజీలకు పోతుంది. అదే పేరు, అదే తండ్రి పేరు, అదే పుట్టినతేదీ ఐదారు చోట్ల చేత్తో రాయాలి.

ఈ పనంతా ఫోన్లోకి మార్చేస్తామనే సాఫ్ట్‌వేర్లు ఇప్పుడు చాలా ఉన్నాయి. హైదరాబాద్ కేకా, బెంగళూరు గ్రేట్‌హెచ్‌ఆర్, చెన్నై జోహో పీపుల్ అందరూ విన్న పేర్లే. ఈ సమీక్ష వాటిలో ఏ ఒక్కదాని గురించీ కాదు. ముప్పై మంది నుంచి ఐదొందల మంది దాకా పనిచేసే మన ఊళ్ల సంస్థకు ఈ రకం సేవ నిజంగా ఏం చేసిపెడుతుంది, ఎక్కడ చెడుతుంది అన్నదే ఇక్కడ విషయం.

కాగితం ఆదా, బీరువా ఖాళీ అని అమ్మేవాళ్లు మొదట చెబుతారు. జిరాక్సు ఖర్చు తగ్గించుకోవడానికే అయితే ఇది కొనక్కర్లేదు. అసలు లాభం ఏమిటంటే, వివరాల్లో తేడా ఉంటే మనిషి చేరకముందే బయటపడుతుంది. కాగితం ఫైల్లో ఆ తేడా పిన్ను కింద పడుకుని ఉంటుంది. నాలుగేళ్ల తర్వాత, ఆ ఉద్యోగి ఇంట్లో పెళ్లికో ఆపరేషన్‌కో పీఎఫ్ డబ్బు కోసం క్లెయిమ్ పెట్టినప్పుడు లేస్తుంది. అప్పటికి హెచ్‌ఆర్‌లో మనుషులే మారిపోయి ఉంటారు.

మన పేర్ల సంగతే చూడండి. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ముందు ఉంటుంది. పాన్‌లో అదే వెనక్కి పోతుంది. పదో తరగతి మెమోలో ఇంటిపేరుకు ఒక్క పొడి అక్షరమే. బ్యాంకులో 'వెంకట' కాస్తా 'వెంకట్' అవుతుంది. పెళ్లయ్యాక ఇంటిపేరు మార్చుకున్న ఆడవాళ్లకైతే ఆధార్ అత్తారింటి పేరుతో, పాన్ పుట్టింటి పేరుతో నడుస్తుంటాయి. గుమస్తాకు ఇవన్నీ ఒకే మనిషివని తెలుసు కాబట్టి పిన్ను కొట్టేస్తాడు. పీఎఫ్ వ్యవస్థకు మాత్రం అవి వేర్వేరు మనుషులవి.

మంచి సాఫ్ట్‌వేర్ ఉద్యోగి టైపు చేసిన పేరును నమ్మదు. ఆధార్ పేరును ప్రభుత్వ డిజిటల్ పత్రాల యాప్ డిజీలాకర్ నుంచి తెస్తుంది, పాన్ పేరును ఆన్‌లైన్‌లో సరిచూస్తుంది, బ్యాంకు ఖాతాలో ఒక్క రూపాయి వేసి ఆ ఖాతా ఎవరి పేరున ఉందో తిరిగి రాబడుతుంది. ఈ మూడు పేర్లనూ పక్కపక్కన పెట్టి హెచ్‌ఆర్‌కు చూపిస్తుంది. డెమో రోజున మొదట అడగాల్సింది ఈ తెర చూపించమనే. అది లేకపోతే మీరు కొనేది ఫోటోలు దాచుకునే అర మాత్రమే.

పేర్లు ఎంత శాతం కలిస్తే సరే అనాలో సాఫ్ట్‌వేర్‌లో ఒక సెట్టింగు ఉంటుంది. అక్కడ జాగ్రత్త పడాలి. కొంచెం తేడా వచ్చినా తిప్పికొట్టేలా పెడితే మన తెలుగు పేర్లు చాలావరకు ఆగిపోతాయి, హెచ్‌ఆర్ విసిగిపోయి మొత్తం తనిఖీనే తీసేస్తుంది. అన్నిటినీ వదిలేసేలా పెడితే తనిఖీ ఉన్నా లేనట్టే. తేడా ఉన్నవి మనిషి చూసే వరసలోకి వెళ్లాలి, చూసినవారు కారణం రాసి ఆమోదించాలి. బ్యాంకు పేరులో పొడి అక్షరం తేడా ఉంటే ఒప్పుకోవచ్చు. ఆధార్‌కూ పీఎఫ్‌కూ మధ్య ఒక్క అక్షరం తేడాను కూడా ఒప్పుకోకూడదు. 2017 అక్టోబరు 1 తర్వాత కేటాయించిన, ఆధార్‌తో ధ్రువీకరించిన యూఏఎన్ (ఉద్యోగం మారినా మారని పీఎఫ్ నంబరు) ఉన్నవాళ్లు పేరు, పుట్టినతేదీ లాంటివి పీఎఫ్ పోర్టల్లో తామే సరిచేసుకునే వీలు 2025 జనవరి నుంచి వచ్చింది. అంతకు ముందరి యూఏఎన్ అయితే యాజమాన్యంతో కలిసి జాయింట్ డిక్లరేషన్ పెట్టాలి. అందుకే పాత యూఏఎన్ నంబరును ఆఫర్ లెటర్ దశలోనే అడగడం మంచిది.

కొత్త యూఏఎన్ విషయంలో పద్ధతే మారింది. 2025 ఆగస్టు 1 నుంచి ఉద్యోగి ప్రభుత్వ సేవల యాప్ ఉమంగ్‌లో ముఖం చూపించి తానే యూఏఎన్ తీసుకోవాలి. 12 అంకెల ఆ నంబరును ఇదివరకటిలా హెచ్‌ఆర్ తన కంప్యూటర్లో సృష్టించి ఇచ్చేయడం కుదరదు. ఆండ్రాయిడ్ ఫోన్లో ఉమంగ్‌తో పాటు ఆధార్ ఫేస్ ఆర్‌డీ అనే యాప్ కూడా ఉండాలి. ఉమంగ్‌లో ఈపీఎఫ్‌ఓ విభాగంలోకి వెళ్లి, యూఏఎన్ కేటాయింపు ఎంచుకుని, ఆధార్ నంబరు, దానికి జతచేసిన మొబైల్ నంబరు ఇచ్చి, ఓటీపీ కొట్టి, ముఖం స్కాన్ చేయాలి.

ఇది ఎక్కువగా రెండు చోట్ల ఆగుతుంది. ఒకటి, ఆధార్‌కు జతచేసిన సిమ్ ఎప్పుడో పోయి ఉంటుంది, లేదా అది ఊళ్లో నాన్న ఫోన్లో ఉంటుంది. రెండు, ఆధార్‌లో ఫోటో చిన్నప్పటిది. మొదటిదానికి ఆధార్ కేంద్రానికి వెళ్లి నంబరు జతచేయించుకోవచ్చు. దేశంలో ఆధార్ ఇచ్చే సంస్థ యూఐడీఏఐ మొదట తెరిచిన రెండు ఆధార్ సేవా కేంద్రాల్లో విజయవాడది ఒకటి, 2019లో. పల్లెటూళ్ల నుంచి వచ్చేవాళ్లకు ఆధార్ సేవలున్న సచివాలయం దగ్గరవుతుంది. రెండోదానికి బయోమెట్రిక్ అప్‌డేట్ చేయించాలి. గదిలో వెలుతురు చాలక, కళ్లజోడు మెరిసి స్కాన్ ఆగుతుంటే మాత్రం ఎక్కడికీ వెళ్లక్కర్లేదు. కిటికీకి ఎదురుగా నిలబెట్టి ఇంకోసారి చేయిస్తే చాలా వరకు అయిపోతుంది.

ఇవన్నీ జాయినింగ్ రోజున తెలిస్తే ఆ నెల పీఎఫ్ చలానా నాటికి నంబరు చేతికి రాకపోవచ్చు. చలానా గడువు మరుసటి నెల 15. కాబట్టి ఉద్యోగి ఫోన్లో వివరాలు నింపే లింకు కనీసం వారం ముందు పంపాలి. అందులో మొట్టమొదటి ప్రశ్న 'మీ ఆధార్‌కు జతచేసిన నంబరు ఇప్పుడు మీ దగ్గరే ఉందా' అన్నదే కావాలి. చాలా సాఫ్ట్‌వేర్లలో ఇది పదో పేజీలో ఎక్కడో ఉంటుంది, లేదా అసలు ఉండదు. ప్రశ్నల వరస మార్చుకునే వీలుందో లేదో ముందే కనుక్కోండి.

పీఎఫ్ డిక్లరేషన్లో ఇంకో మెలిక ఉంది. 2014 సెప్టెంబరు 1 తర్వాత మొదటిసారి పీఎఫ్‌లో చేరుతూ, పీఎఫ్ జీతం 15,000 రూపాయలు దాటిన మనిషికి పెన్షన్ పథకం వర్తించదు. యాజమాన్యం వాటా మొత్తం పీఎఫ్ ఖాతాకే పోవాలి. కాగితం ఫారంలో 'ఇంతకు ముందు పెన్షన్ సభ్యులా' అన్న గడిని చాలామంది చూడకుండా టిక్కు పెట్టేస్తారు. నెలకు 1,250 రూపాయల చొప్పున పెన్షన్ ఖాతాకు పోతూనే ఉంటుంది. ఏళ్ల తర్వాత బదిలీ పెట్టుకున్నప్పుడు దాన్ని వెనక్కి తిప్పడం పెద్ద తలనొప్పి. జీతం, మొదటి పీఎఫ్ తేదీ చూసి ఈ గడిని తానే నింపే సాఫ్ట్‌వేర్ ఉంటే, దాని ధర ఈ ఒక్క పనితోనే గిట్టుబాటవుతుంది. పాత సంస్థ ఉద్యోగి నిష్క్రమణ తేదీ వేసిందో లేదో కూడా ఇక్కడే అడగాలి. వేయకపోతే, చివరి చందా జమైన రెండు నెలలకు ఉద్యోగి తానే పోర్టల్లో వేసుకోవచ్చు.

ఈఎస్ఐకి జీతం పరిమితి 21,000. ఇంతకు ముందు ఎక్కడైనా పనిచేసిన మనిషికి పది అంకెల బీమా నంబరు ఉండే ఉంటుంది, కొత్తది తీయకుండా దాన్నే వాడాలి. కుటుంబ సభ్యుల ఆధార్ వివరాలు ముందుగా తెచ్చుకోమని లింకులోనే చెబితే నమోదు చేరిన రోజే పూర్తవుతుంది.

బ్యాంకు వివరాల్లో మన ప్రాంతానికే ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది. అయినా ఇళ్లలో పాత పాస్‌బుక్కులే ఉన్నాయి, వాటి మీద ఏఎన్‌డీబీతో మొదలయ్యే పాత ఐఎఫ్ఎస్సీ కోడే ఉంది. గుంటూరు కేంద్రంగా నడిచిన చైతన్య గోదావరి గ్రామీణ బ్యాంకు 2025 మే 1న ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకులో భాగమైంది. పాస్‌బుక్ ఫోటో తీసి ఎక్కిస్తే పాత కోడే ఎక్కుతుంది, మొదటి నెల జీతం తిరిగొచ్చేస్తుంది. రూపాయి వేసి చూసే తనిఖీ దీన్ని చేరకముందే పట్టేస్తుంది.

పత్రాలు ఎక్కించేటప్పుడు చిన్న చిన్నవే ఎక్కువ విసిగిస్తాయి. ఆధార్ సైటు నుంచి దించిన పీడీఎఫ్‌కు పాస్‌వర్డ్ ఉంటుంది: పేరులో మొదటి నాలుగు అక్షరాలు ఇంగ్లిషు పెద్దబడిలో, తర్వాత పుట్టిన సంవత్సరం. దాన్ని అలాగే ఎక్కిస్తే ఫైలు వెళ్లినట్టే కనిపిస్తుంది, తర్వాత హెచ్‌ఆర్ తెరవబోతే తెరుచుకోదు. లామినేషన్ చేసిన మెమో ఫోటో ట్యూబ్‌లైటు కింద తీస్తే మార్కుల మీదే మెరుపు పడుతుంది. పగటి వెలుగులో, ఫ్లాష్ లేకుండా తీయమని లింకులో ఒక వాక్యం రాయండి. డిజీలాకర్ నుంచి తెచ్చే పత్రాల్లో కూడా తేడా ఉంది. 'ఇష్యూడ్' విభాగంలోవి బోర్డు లేదా శాఖ నేరుగా ఇచ్చినవి, ఒరిజినల్‌తో సమానం. 'అప్‌లోడెడ్' విభాగంలోవి ఆ మనిషి తాను ఎక్కించుకున్న ఫోటోలు, వాటికి జిరాక్సుకున్న విలువే. రెండిటినీ ఒకే ఆకుపచ్చ టిక్కుతో చూపించే సాఫ్ట్‌వేర్‌ను నమ్మకండి. డిజీలాకర్లో లేని సర్టిఫికెట్ల ఒరిజినల్స్‌ను ఒకసారి కళ్లతో చూసి వెంటనే తిరిగి ఇచ్చేయాలి. ఆస్పత్రులైతే నర్సులు, ఫార్మసిస్టుల కౌన్సిల్ రిజిస్ట్రేషన్ గడువు తేదీని విడిగా ఒక గడిలో పెట్టించుకోవాలి. గడువుకు రెండు నెలల ముందే హెచ్చరిక వచ్చే ఏర్పాటు కాగితం ఫైలుతో సాధ్యం కాదు.

సంతకం సంగతికి వస్తే, వేలితో తెరమీద గీసేది ఒక రకం, ఆధార్ ఓటీపీతో చేసే ఈ-సైన్ ఇంకో రకం. హాజరు నియమాలు, యూనిఫాం రసీదు లాంటివాటికి మొదటిది చాలు. అపాయింట్‌మెంట్ లెటర్‌కు, నోటీసు పీరియడ్ షరతులకు రెండోదే వాడాలి. 2000 నాటి ఐటీ చట్టం దాన్ని గుర్తిస్తుంది. ఆ పీడీఎఫ్‌ను కంప్యూటర్లో తెరిస్తే సంతకం మీద పసుపు ప్రశ్నార్థకం కనిపించి చాలామంది కంగారు పడతారు. సంతకం చెల్లదని దాని అర్థం కాదు. ఆ కంప్యూటర్లో, డిజిటల్ సంతకాలను నియంత్రించే ప్రభుత్వ కార్యాలయం సీసీఏ ఇండియా రూట్ సర్టిఫికెట్‌ను నమ్మదగినదిగా గుర్తించలేదంతే. ఒకసారి గుర్తించి సరిచూస్తే ఆకుపచ్చ టిక్కు వస్తుంది. ఆ పీడీఎఫ్‌ను ప్రింటు తీసి ఫైల్లో పెట్టుకుని, కంప్యూటర్లోది తుడిచేసేవాళ్లున్నారు. అప్పుడు సంతకం పోయినట్టే, ఎందుకంటే అది ఉన్నది ఆ డిజిటల్ ఫైల్లో. కోర్టుకు వెళ్లాల్సి వస్తే భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం ధ్రువపత్రం, ఫైలు హాష్ విలువ (ఫైలు మారలేదని చూపే కోడ్) ఇవ్వాలి. ఎవరు, ఎప్పుడు, ఏ నంబరు ఓటీపీతో సంతకం చేశారన్న లాగ్‌ను సాఫ్ట్‌వేర్ పీడీఎఫ్‌తో పాటే దించుకోనివ్వాలి. 2025 నవంబరు 21న కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాక అపాయింట్‌మెంట్ లెటర్ ప్రతి కార్మికుడికీ ఇవ్వాలి కాబట్టి, ఈ పని ఇక పెద్ద సంస్థలకే పరిమితం కాదు.

మన ఊళ్లలో ఈ సాఫ్ట్‌వేర్లకు అసలు పోటీ వాట్సాప్. 'మేమూ పేపర్‌లెస్సే' అనే చాలా ఆఫీసుల్లో జరిగేది, హెచ్‌ఆర్ అమ్మాయి సొంత ఫోన్లోకి అందరి ఆధార్, పాన్, పాస్‌బుక్ ఫోటోలు రావడమే. ఆమె ఉద్యోగం మానేస్తే ఆ ఫోటోలన్నీ ఆమెతోనే పోతాయి. వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది, నియమాలు 2025 నవంబరులో నోటిఫై అయ్యాయి, జరిమానా పరిమితి 250 కోట్ల దాకా ఉంది. కాగితం ఫైలు కనీసం తాళం వేసిన బీరువాలో ఉండేది. వాట్సాప్ జాయినింగ్ కన్నా కాగితమే మేలు. సాఫ్ట్‌వేర్ కొన్నా కూడా, గుర్తింపు కోసం అడిగే చోట చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ అడగండి.

కోల్డ్ స్టోరేజీ, జిన్నింగ్ మిల్లు లాంటి చోట్ల లింకు పంపి ఊరుకుంటే పని జరగదు. ఇంగ్లిషులో ఉన్న ఇరవై ప్రశ్నలు ఎవరూ నింపరు. తెలుగులో ప్రశ్నలు పెట్టుకునే వీలు, సూపర్‌వైజర్ ట్యాబ్‌లో పక్కన కూర్చుని నింపించే పద్ధతి, మధ్యలో ఆపితే అక్కడి నుంచే కొనసాగడం కావాలి. ఒక్కటి మాత్రం ఖాయంగా పాటించాలి: ఓటీపీ కార్మికుడే చదివి తానే కొట్టాలి. పది మంది ఫోన్లు తీసుకుని ఒకరే కొట్టేస్తే ఆ సంతకాలు వాళ్లవి కావు.

ధర సాధారణంగా నెలకు తలకింత అని చెబుతారు. ఈ-సైన్‌కు, పాన్, బ్యాంకు తనిఖీలకు ఒక్కోదానికి విడిగా పడుతుందా, కనీసం ఇంతమందికి కట్టాలన్న షరతు ఉందా అని కొటేషన్లో రాయించుకోండి. సిబ్బంది తరచూ మారే ఆస్పత్రులకు, షోరూములకు తలకింత లెక్క కన్నా ఈ విడి ఛార్జీలే ఎక్కువవుతాయి. ఒప్పందం మానేసిన రోజు ఒక్కో ఉద్యోగికి ఒక్కో ఫోల్డరుగా అన్ని పీడీఎఫ్‌లూ, లాగ్‌లూ ఇస్తారా అన్నది సంతకం పెట్టకముందే పరీక్షించాలి. ఇద్దరి పేర్లతో నమూనాగా దించి చూపించమంటే తేలిపోతుంది.

ఇక బీరువాలో ఉన్న పాత ఫైళ్లు. అన్నిటినీ స్కాన్ చేయిస్తామనే ప్యాకేజీకి ఒప్పుకోవద్దు. ఇప్పుడు పనిచేస్తున్నవాళ్లవి మాత్రం, అదీ పీఎఫ్‌లో ఎక్కువ సర్వీసు ఉన్నవాళ్లతో మొదలుపెట్టి, పేరు, పుట్టినతేదీ, చేరిన తేదీ, నామినీ అన్న నాలుగింటినీ పోర్టల్‌తో సరిచూడండి. నామినేషన్ కాగితం మీదే ఉండిపోయినవాళ్ల చేత మెంబర్ పోర్టల్లో ఈ-నామినేషన్ పెట్టించండి. తేడా ఉన్న ఫైళ్లను విడిగా తీసి, వాటినే ముందు స్కానర్ మీదికి ఎక్కించండి.