పాత అవుట్‌బోర్డా, కొత్త ఫోర్‌స్ట్రోకా, లాంగ్‌టెయిలా: మన తీరానికి ఏది మేలు?

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. ఇంజిన్ తెప్పలన్నీ ఒడ్డెక్కే ఈ 61 రోజుల్లో బారువ నుంచి కోనాడ దాకా ఎక్కడ కూర్చున్నా ఇదే మాట: "ఏటి మావా, ఈ ముసలి ఇంజిన్ బాగు చేయించమంటావా, మార్చెయ్యమంటావా?" ముసలి ఇంజిన్ అంటే తెప్ప వెనక తగిలించే టూస్ట్రోక్ అవుట్‌బోర్డ్, పెట్రోల్లోనే ఆయిల్ కలిపి నడిపేది.

మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో చాలా ఊళ్లకి జెట్టీ లేదు. తెప్పని కెరటాల్లోకి తోసుకెళ్లాలి, వచ్చాక ఇసక మీదకి లాగాలి. అలా తీరం దగ్గర ఇంజిన్ తిప్పిన ప్రతిసారీ, ఇంజిన్‌ని చల్లబరిచే నీళ్ల పంపులోకి ఇసక పోతుంది. అందుకే ఇక్కడ పిస్టన్ కంటే ముందు పోయేది ఆ పంపులో నీళ్లని తోసే రబ్బరు రెక్కల చక్రం, ఇంపెల్లర్. "ఇంజిన్ వేడెక్కి ఆగిపోతోంది, ఇక పనికిరాదు" అనే మాటల్లో సగం దాని పుణ్యమే.

టూస్ట్రోక్ అవుట్‌బోర్డ్ నడుస్తున్నంతసేపూ వెనక నుంచి సన్నగా నీళ్ల ధార కొట్టాలి. ధార తగ్గితే ఇంజిన్ ఆపేసి, ఆ కన్నంలో సన్న తీగ దూర్చండి. ఉప్పో ఇసకో అడ్డుపడి ఉండొచ్చు. అప్పటికీ రాకపోతే కింది భాగం విప్పి ఇంపెల్లర్ మార్చాల్సిందే. నిషేధంలో కదలకుండా పడున్న రబ్బరు రెక్కలు వంగినవి వంగినట్టే బిగుసుకుపోతాయి కాబట్టి, వేటకి ముందే కొత్తది వేయించడం నయం. గేర్ ఆయిల్ విప్పి చూస్తే మజ్జిగలా తెల్లగా ఉందా? సీలు పోయి నీళ్లు దిగినట్టు. సీలు ఖర్చు చిన్నదే, వదిలేస్తే గేర్లు పోతాయి. 50:1 కలపమన్న ఇంజిన్‌కి లీటరు పెట్రోలుకి 20 మిల్లీలీటర్ల ఆయిల్. అది అవుట్‌బోర్డ్ ఆయిలే కావాలి. మోటార్‌సైకిల్‌ది పోస్తే మసి పేరుకుంటుంది.

ఇవన్నీ చేశాక మెకానిక్‌కి కంప్రెషన్, అంటే సిలిండర్లలో ఒత్తిడి, చూపించండి. రెండు సిలిండర్లూ దగ్గరదగ్గరగా ఉంటే, నా మటుకు నేను పాతదాన్నే ఉంచుకుంటాను. ఒకటి బాగా పడిపోయి ఉంటే మాత్రం ఆ ఇంజిన్ మీద ఇక డబ్బు పొయ్యకండి.

కొత్త ఫోర్‌స్ట్రోక్ (ఆయిల్ పెట్రోల్లో కలపకుండా విడిగా పోసే అవుట్‌బోర్డ్) ఇంధనం తక్కువ తాగుతుంది, పొగ ఉండదు. కానీ బరువెక్కువ. మనవాళ్లు ఇంజిన్ విప్పి కర్రకి కట్టి ఇద్దరు మోసుకెళ్లి పాకలో పడేస్తారు కదా, ఫోర్‌స్ట్రోక్‌ని అలా ఏ పక్కకి పడితే ఆ పక్కకి పడుకోబెడితే ఆయిల్ సిలిండర్లోకి దిగుతుంది. మొదటి 20 గంటలకి, తర్వాత సుమారు ప్రతి 100 గంటలకి ఆయిల్ మార్పు తప్పదు. జెట్టీ ఉండి, దగ్గర్లో మెకానిక్ దొరికేవాళ్లకి మంచి బండి.

మార్చక తప్పని చిన్న ఫైబర్ తెప్పకి నా ఓటు గాలితో చల్లబడే డీజిల్ లాంగ్‌టెయిల్‌కే. అంటే ఇంజిన్ తెప్ప మీదే ఉండి, పొడవాటి షాఫ్ట్ చివర ఫ్యాను నీళ్లలో తిరిగేది. ఇంపెల్లరూ లేదు, లోపల ఉప్పు పట్టే నీళ్ల దారీ లేదు. ఇసక తిన్నె తగలబోతే పిడి కిందకి నొక్కితే చాలు, ఫ్యాను నీళ్లలోంచి పైకి లేస్తుంది. చెవులు హోరెత్తుతాయి, వేగం తక్కువ, ఒళ్లు అదురుతుంది, అదంతా నిజమే. షాఫ్ట్ బుష్‌లకి గ్రీజు పెట్టడం మరిస్తే అవి తొందరగా అరిగి షాఫ్ట్ ఊగుతుంది. డ్రమ్ము అడుగున నీళ్లు చేరుతాయి గనక ఆఖరి డీజిల్ ట్యాంకులో పొయ్యకండి.

సెకండ్‌హ్యాండ్ కొనేటప్పుడు, మీరు వెళ్లేసరికే ఇంజిన్ వేడిగా ఉంటే చల్లారేదాకా కూర్చోండి. చల్లటి ఇంజిన్ తాడు ఎన్నిసార్లు లాగితే అందుకుంటుందో చూశాకే బేరం మొదలెట్టండి.