ఎర్రనేల మెట్టలో వేరుశనగా, ఆముదమా?

అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాల్లో బోరు లేని రైతుకు ఏటా జూలైలో ఒకటే టెన్షన్. పదును వాన పడింది, గొర్రు కట్టాలి. ఏ విత్తనం వేయాలి? సంవత్సరమంతా కలిపి 550 మిల్లీమీటర్ల వాన అటూ ఇటూగా పడే చోట, ఈ ఒక్క నిర్ణయం మీదే ఇల్లు గడవాలి.

అలవాటు కొద్దీ చేయి వేరుశనగ వైపే పోతుంది. కాయ అమ్ముకోవచ్చు, పశువుల మేతకు కట్టె మిగులుతుంది. కానీ ఎకరాకు 60 కిలోలకు పైగా విత్తన పప్పు కావాలి. ఆముదం హైబ్రిడ్‌కు 2 కిలోలు చాలు. నేను అన్నిటికన్నా ముందు చూసేది ఈ తేడానే. మొలిచిన చేను ఎండిపోతే ఆముదం రైతు మళ్లీ విత్తుకోగలడు. వేరుశనగ రైతు మొదటి విత్తనానికే అప్పు చేసి ఉంటాడు.

వేరుశనగ బెట్టకు, అంటే వానల మధ్య వచ్చే ఎండు రోజులకు, ఆగదనే మాట మాత్రం సగమే నిజం. విత్తిన మూడు వారాలకు కొన్నాళ్లు వాన లేకపోయినా చేను తట్టుకుంటుంది. పైగా ఆ తర్వాత వాన పడితే పూత ఒక్కసారిగా వస్తుంది, కాయలు ఒకే ఈడులో ముదురుతాయి. అసలు దెబ్బ ఊడలు (పూత తర్వాత మట్టిలోకి దిగి కాయ కట్టే కాడలు) దిగే వేళ తగులుతుంది. పైమట్టి గట్టిపడితే ఊడ లోపలికి దిగదు. దిగినా, గింజ ఊరే రోజుల్లో తడి లేకపోతే కాయ తాలుపోతుంది. కోతకు ముందు బెట్ట పడితే ఇంకో చిక్కు: బూజు పట్టి అఫ్లాటాక్సిన్ అనే విషం చేరుతుంది, ఆ కాయ తినడానికీ మంచిది కాదు, పశువులకూ మంచిది కాదు. కదిరి పరిశోధన స్థానం ఇచ్చిన కదిరి-6, కదిరి లేపాక్షి మన నేలలకు పనికొచ్చే రకాలే. అయినా ఊడలు దిగేటప్పుడు ఫారంపాండ్ (చేలో వాన నీళ్లు నిలిపే గుంట) నుంచి ఒక్క తడి ఇవ్వగలిగితే వచ్చే మేలు రకం మార్చినంత మాత్రాన రాదు.

ఆముదం లెక్క వేరు. గెలలు విడతలుగా వస్తాయి. మొదటి గెల బెట్టకు పోయినా, సెప్టెంబరు వానకు రెండో గెల, మూడో గెల అందుకుంటాయి. తల్లివేరు లోతుకు పోయి అడుగు తడిని లాగుతుంది. అయితే ఆ లోతు నేలలో ఉండాలి కదా! జానెడు మట్టి కింద రాయి తగిలే చేలో ఆముదం గొప్ప సగానికి తగ్గిపోతుంది. విత్తే ముందు చేలో నాలుగు చోట్ల తవ్వి చూడమని చెప్పేది అందుకే.

ఆముదానికీ కష్టాలున్నాయి. దాసరి పురుగు ఆకంతా తినేస్తుంది. గెల మీద ముసురు పట్టిందంటే బూజు తెగులు ఖాయం. ఆకు పశువులకు పనికిరాదు, కాబట్టి పాడి ఉన్న ఇంటికి మేత కొనక తప్పదు. వేరుశనగకు కేంద్రం 2025-26కి క్వింటాకు 7,263 రూపాయల మద్దతు ధర ప్రకటించింది. ఆముదానికి మద్దతు ధరే లేదు, గుజరాత్ మార్కెట్ ఎటు పోతే మన ధర అటే పోతుంది.

నన్నడిగితే, ఆరుద్ర, పునర్వసు కార్తెల్లో (జూన్ చివరి నుంచి జూలై మూడో వారం దాకా) మంచి పదును దొరికి, ఇంట్లో పశువులుంటే వేరుశనగే వేయండి. పదకొండు సాళ్లకు ఒక సాలు కంది కలపండి, కాయ తగ్గినా కంది చేతికొస్తుంది. ఆగస్టు మొదట్లో పుష్యమి కార్తె దాటినా వాన రాకపోతే మాత్రం అప్పు చేసి వేరుశనగ విత్తొద్దు. మోకాటి లోతు మట్టి ఉన్న చేలో ఆముదం వేయండి, ఆగస్టు మధ్య వరకూ సమయం ఉంది. రెండు రకాల నేలా ఉన్నవాళ్లు లోతు మట్టి ముక్కను ముందు నుంచే ఆముదానికి ఉంచుకోవడం మంచిది. వేరుశనగ చేను గట్ల వెంబడి కూడా నాలుగు ఆముదం మొక్కలు పెట్టండి. పొగాకు లద్దె పురుగు ముందు వాటి మీదే గుడ్లు పెడుతుంది, ఆ ఆకులు తుంచి నాశనం చేస్తే చేనుకు మందు ఖర్చు తగ్గుతుంది.