రెక్కలు విచ్చుకునే ములికా, కదలని ములికా?

మా బావ టెక్సాస్‌లో లైసెన్స్ తీసుకుని విల్లుతో జింకల వేటకు వెళ్తాడు. ఇక్కడ 1972 నాటి వన్యప్రాణి చట్టం కింద అది నేరం. అందుకే కందుకూరు వచ్చినప్పుడు రెండు రకాల బాణం ములుకుల్నీ మా మామిడితోటలో ఫోమ్ దిమ్మ మీదే వేసి చూశాం. రెండూ 100 గ్రెయిన్లే, అంటే సుమారు ఆరున్నర గ్రాములు.

విచ్చుకునేది పదునైన రెక్కలు ముడుచుకుని వెళ్లి, తగిలాక తెరుచుకుంటుంది. 30 గజాల నుంచి, రెక్కల్లేని ప్రాక్టీసు ములికి తగిలిన చోటే దాదాపుగా దిగింది. కదలని రెక్కలది జానెడు పక్కకు పోయింది. తప్పు ములికిది కాదు, విల్లు ట్యూనింగ్ కుదరకపోతే ఆ రెక్కలు గాలికి దొరికిపోతాయి. బాణం ఆన్చే రెస్టును కాస్త జరిపాక దారికొచ్చింది.

తర్వాత దిమ్మకు అడ్డంగా పాత ప్లైవుడ్ ముక్క పెట్టాం. విచ్చుకునేదే మేలనుకున్న నా మనసు మారింది ఇక్కడే. ఏటవాలుగా తగిలేసరికి విచ్చుకునే దాని రెక్క ఒకటి వంగిపోయింది, రెండోది సగమే తెరుచుకుంది. తెరుచుకోవడానికే కొంత బలం ఖర్చవుతుంది కదా! కదలనిది చెక్కను చీల్చుకుని ఫోమ్‌లోకి దిగింది. అంచు మొద్దుబారితే సానరాయి మీద పదును పెట్టుకున్నాం. నల్లమల చెంచుల బాణాలకుండే ఇనుప ములికీ కదలనిదే.

విచ్చుకునేది గాయాన్ని వెడల్పు చేస్తుంది, నిజమే. కానీ జంతువు ఎక్కువసేపు బాధపడకూడదంటే ములికి లోతుగా దిగాలి. "నీ విల్లు లాగుడు బలం తక్కువ బావా, కదలనిదే పెట్టుకో" అని గట్టిగా చెప్పాను.