సోవియట్ గడియారానికి చక్కని రిపేరు: గంట స్తంభం దగ్గరి రేడియో షాపు

స్పేర్లు దొరకని పాత ఎలక్ట్రానిక్ వస్తువులను పారేయలేక అటక మీద దాచుకున్న విజయనగరం వాళ్లకు ఈ షాపు గురించి చెప్పాలి. గంట స్తంభం దగ్గరి సందులో ఉంది, చిన్న గది. బయట పెద్ద బోర్డు ఉండదు, రేడియో షాపు ఎక్కడని అడిగితే చెబుతారు.

మాది ఎలక్ట్రోనికా 2-06, టేబుల్ గడియారం. విశాఖ స్టీల్ ప్లాంట్ కడుతున్న రోజుల్లో మా నాన్నగారు అక్కడ పనిచేసేవారు. సోవియట్ ఇంజనీరు ఒకాయన ఊరికి వెళ్లిపోతూ దీన్ని నాన్నగారి చేతిలో పెట్టారట. ఆ ఆకుపచ్చ అంకెలు రానురాను మసకబారిపోయి, గదిలో లైటు ఆర్పితే గానీ టైము తెలిసేది కాదు. వేరేచోట చూపిస్తే లోపలున్నదంతా పీకేసి ఎర్ర ఎల్ఈడీల బోర్డు పెడతామన్నారు. నాకు ప్రాణం ఒప్పలేదు.

ఈ మెకానిక్ గారు స్క్రూలు విప్పకముందే అంకెల్ని చాలాసేపు చూశారు. "ఇది ఎల్ఈడీ కాదమ్మా, వాక్యూమ్ ట్యూబు. లోపల సన్నటి ఫిలమెంట్ వేడెక్కి ఎలక్ట్రాన్లు వదుల్తాది, అవి పూత మీద పడితే వెలుగు. పూత అరిగిపోతే ఎక్కువసేపు వెలిగే గీతలే ముందు మసకబారతాయి. మీ దాంట్లో అన్నీ ఒకేలా మసకగా ఉన్నాయి, ట్యూబు బాగానే ఉంది" అన్నారు. మీటరు పెట్టి చూస్తే నిజమే. ట్యూబుకు సుమారు 25 వోల్టులు కావాలి, అంత అందడం లేదు. కరెంటు అందించే భాగంలో వోల్టేజిని నిలకడగా ఉంచే కెపాసిటర్ ఎండిపోయింది. అదొక్కటే మార్చారు. అంకెలు మళ్లీ పట్టపగలే కనిపిస్తున్నాయి!

నాకు బాగా నచ్చింది ఆయన జాగ్రత్త. టైము లెక్కపెట్టేవి ఐఈ18, ఐఈ13 అనే సోవియట్ చిప్‌లు (కె176 సిరీస్ ఐసీలు). వాటికి బదులు పెట్టడానికి మన బజార్లో దొరికే సాధారణ ఐసీ ఏదీ సరిపోదు, పైగా అవి మన చేతిలో పుట్టే స్థిర విద్యుత్తుకే (స్టాటిక్) పాడైపోతాయి. అందుకే మణికట్టుకు ఎర్త్ వైరు కట్టుకుని పని చేశారు. గడియారం కాస్త ముందుకు పోతోందని చెబితే టైముకు ఆధారమైన క్వార్ట్జ్ స్ఫటికం పక్కనున్న ట్రిమ్మర్‌ను (వేగం సరిచేసే చిన్న మరను) కొద్దిగా తిప్పి సరిచేశారు. ఆ క్వార్ట్జ్ సెకనుకు 32,768 సార్లు కంపిస్తుందని, దాన్ని 15 సార్లు సగం చేస్తే సెకనుకు ఒక్క పల్స్ వస్తుందని నాకు కాగితం మీద లెక్క వేసి మరీ చూపించారు.

600 రూపాయలు తీసుకున్నారు. తీసేసిన పాత కెపాసిటర్ కూడా నా చేతికిచ్చారు.

ఇబ్బందులూ ఉన్నాయి. చెప్పిన రోజుకు ఇవ్వరు, పనిలో ఉంటే ఫోన్ ఎత్తరు. రసీదు ఇవ్వరు కాబట్టి వస్తువు ఇచ్చేటప్పుడే ఫొటో తీసుకోండి. సోవియట్ ప్లగ్ పిన్నులు సన్నవి, మన సాకెట్లో వదులుగా కూర్చుంటాయి. ప్లగ్ మార్చమని ముందే చెప్పండి, నేను మళ్లీ వెళ్లాల్సి వచ్చింది. అలారం ఇంకా మోగడం లేదు. సిరిమానోత్సవం అయ్యాక తీసుకురమ్మన్నారు, తీసుకెళ్తాను.